బ్రస్సెల్స్‌లో ఆదివారం, సోమవారం

మేముండేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో. అక్కడి నుంచి బ్రస్సెల్స్‌కి నేరుగా రైలుంది, మూడు గంటల పైచిలుకు. ప్యారిస్, ఆమ్‌స్టర్‌డామ్ అయిపోయాయి, మధ్యలో ఇదొక్కటే మిగిలిపోయిందని జూన్ చివర్లో ఒక శనివారం సాయంత్రం బయల్దేరాం. మా ఆయన సోమవారం ఒక్కరోజు సెలవు పెట్టాడు. ఆ సోమవారమే మా కొంప ముంచింది.

దిగేటప్పుడే టెన్షన్. మా టికెట్ మీద మిడి స్టేషన్ అని ఉంది, రైల్లో తెర మీదేమో జుయిడ్ అని వస్తోంది. ఆ ఊళ్ళో ఫ్రెంచ్, డచ్ రెండూ అధికార భాషలే, స్టేషన్లకీ వీధులకీ రెండేసి పేర్లుంటాయి, మిడి అన్నా జుయిడ్ అన్నా దక్షిణమే. అదేమీ తెలియక సూట్‌కేసు పట్టుకుని తలుపు దగ్గర దిగాలా వద్దా అని ఇద్దరం వాదించుకుంటుంటే, ఆఖరి స్టేషన్ కావడంతో బోగీలో వాళ్ళంతా దిగిపోయారు, వాళ్ళ వెనకే మేమూ దిగాం.

స్టేషన్‌కి దగ్గర కదా అని హోటల్ అక్కడే తీసుకోవడం నా తెలివి. ఫోటోల్లో చూస్తే తెల్లటి దుప్పట్లు, కిటికీలో పూలకుండీ. వెళ్ళేసరికి లిఫ్టుకి కాగితం అంటించి ఉంది, మా గది నాలుగో అంతస్తు. సిటీ ట్యాక్స్ విడిగా కట్టమన్నారు, సరే, అది యూరప్‌లో చాలాచోట్ల ఉన్నదే. ఏసీ లేదు, కిటికీ తెరిస్తే కింద మలుపులో ట్రామ్ తిరిగినప్పుడల్లా కీచుమని చప్పుడు, మూసేస్తే ఉక్క. పొద్దున స్నానం చేస్తే నీళ్ళు తలుపు కింద నుంచి గదిలో కార్పెట్ మీదకి పాకాయి, ఉన్న రెండు టవళ్ళూ అక్కడే పరిచి జుట్టు నా చున్నీతో తుడుచుకున్నాను. ఇంకో ముప్పై యూరోలు పోయినా సరే, సెంట్రల్ స్టేషన్ వైపు తీసుకోండి, చూడాల్సినవన్నీ అక్కడి నుంచి నడిచే దూరమే.

ఆదివారం పొద్దున్నే అటామియం చూడ్డానికి వెళ్ళాం. మిడి నుంచి ఆరో నంబర్ మెట్రో ఎక్కి హైసెల్‌లో దిగడమే, కార్డు ట్యాప్ చేస్తే చాలు, మెట్రో విషయంలో నాకే ఫిర్యాదూ లేదు. 1958 ఎక్స్‌పో కోసం కట్టారు, ఇనుము స్ఫటికాన్ని 16,500 కోట్ల రెట్లు పెంచినట్టు తొమ్మిది గోళాలు, ఎత్తు 102 మీటర్లు. ఆరు నెలలుంచి తీసేద్దామనుకున్నది ఇప్పటికీ ఉంది. బయట నుంచి చూస్తే నిజంగా ఔరా అనిపిస్తుంది. లోపలికి మాత్రం ఇద్దరికీ కలిపి ముప్పై యూరోల పైన పెట్టి, పైకెళ్ళే లిఫ్టు కోసం గంట నిలబడి, ఎక్కి చూస్తే మబ్బు, దూరంగా ఊరు బూడిదరంగులో. తొమ్మిదింట్లో మూడు గోళాల్లోకి అసలు రానివ్వరు. కింద గడ్డి మీద కూర్చుని ఫోటో తీసుకుంటే చాలు, పైసా ఖర్చుండదు.

మధ్యాహ్నం గ్రాండ్ ప్లాస్. 1695లో ఫ్రెంచి సైన్యం ఫిరంగులతో నేలమట్టం చేస్తే వ్యాపార సంఘాల వాళ్ళు కొన్నేళ్ళలోనే మళ్ళీ కట్టుకున్న చౌక్ అది, ఆ బంగారు పూతల మేడలు చూడాలనే అసలు నా ఆశంతా. మేం వెళ్ళిన వారమే ఒమ్మెగాంగ్ ఊరేగింపు కోసం చౌక్ నిండా ఇనుప గ్యాలరీలు కడుతున్నారు. మేడల కింది సగం పలకల వెనక దాక్కుంది. రాత్రి దీపాలు వెలిగాక మళ్ళీ వెళ్ళాం, తలెత్తి పై అంతస్తులు మాత్రమే చూస్తే అప్పుడు బాగుంది, అది ఒప్పుకోవాలి.

అక్కడి నుంచి మన్నెకెన్ పిస్ ఐదు నిమిషాలు. ఉచ్చ పోస్తున్న ఆ పిల్లాడి కంచు బొమ్మ రెండడుగులు కూడా లేదు, చుట్టూ వందమంది ఫోన్లెత్తి ఉన్నారు. "ఇదేనా?" అన్నాడు మా ఆయన. ఇదీ కాదు, వీధిలో ఉన్నది నకలు, అసలుది గ్రాండ్ ప్లాస్‌లోని మ్యూజియంలో ఉంది, రేపు చూద్దాంలే అన్నాను.

ఇక ఫ్రైస్ సంగతి. బెల్జియం వెళ్ళి ఫ్రైస్ తినకుండా వస్తారా అని ఆఫీసులో అందరూ చెప్పి పంపారు. పొట్లం మీద అందాలూస్ సాస్ వేయించుకుని, వేడివేడిగా, పైన కరకర లోపల మెత్తగా, నిజం చెప్పాలంటే నేను తిన్నవాటిలో అంత రుచైనవి లేవు. సగం పైగా అయిపోయాక నాలుగు అడుగుల అవతల ఇంకో బండి మీద 'పూర్తిగా వెజిటబుల్ నూనె' అని బోర్డు కనిపించింది. అదేమంత గొప్ప అని అడిగాను. ఇక్కడ పాతకాలం నుంచి పశువుల కొవ్వులోనే రెండుసార్లు వేయిస్తారు, మేం మాత్రం నూనె వాడతాం అన్నాడతను. మా ఆయన నోట్లో ముక్క ఉంది. మింగాలా ఉమ్మాలా తెలియక అలా నిలబడిపోయాడు పాపం. గొడ్డుమాంసం తినని వాళ్ళు, శాకాహారులు దయచేసి ముందే అడగండి, బంగాళదుంపే కదా అనుకోకండి. ఆ రాత్రి భోజనంలో కుళాయి నీళ్ళు అడిగితే ఇవ్వలేదు, చిన్న సీసాకి ఐదు యూరోలు తీసుకున్నారు.

సోమవారం పొద్దున ఉత్సాహంగా ఆ మ్యూజియంకి వెళ్తే తాళం. లలిత కళల మ్యూజియం? తాళం. అక్కడ చాలావాటికి సోమవారమే సెలవట, ముందు చూసుకోకపోవడం పూర్తిగా మా తప్పే. సాయంత్రం రైలు దాకా కాళ్ళీడ్చుకుంటూ తిరిగాం. గాజు పైకప్పు ఉన్న సెయింట్ హ్యూబర్ట్ గ్యాలరీ 1847 నాటిది, ఊరికే నడిచినా హాయిగా ఉంది. గోడల మీద టిన్‌టిన్ లాంటి కామిక్ బొమ్మలు వెతుక్కుంటూ పోయిన ఆ రెండు గంటలే ట్రిప్ మొత్తంలో ఇద్దరం నవ్వుకున్న సమయం. అరగంట రైల్లో గెంట్ అనే ఊరుందని తెలిసీ సామాను బరువుకి బద్ధకించాం, మీరు మాత్రం ఒక పూట బ్రస్సెల్స్‌కిచ్చి మిగతా రోజంతా అక్కడే ఉండండి.

మా ఆయన మాత్రం ఎవరడిగినా బాగుంది, వెళ్ళి రండి అనే చెప్తున్నాడు. ఫ్రైస్ సంగతి వాళ్ళమ్మకి చెప్పనని రైల్లోనే నాతో ఒట్టేయించుకున్నాడు.