ప్రోస్టేట్ క్యాన్సర్: మామూలు వైద్యమా, ట్రయల్‌లో చేరడమా? ఏది మేలు?

మగవాళ్ళకి మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథికి వచ్చే ఈ జబ్బు కోనసీమలో చాలా ఇళ్ళల్లో ఆలస్యంగా బయటపడుతుంది. రాత్రి మూత్రానికి నాలుగుసార్లు లేవడం పెద్ద వయసులో మామూలేనని ఊరుకుంటారు. నడుంనొప్పి తగ్గక స్కాన్ తీయిస్తే అప్పటికే ఎముకలకు పాకి ఉంటుంది. ఆ సమయంలో డాక్టరుగారు "విశాఖలో ట్రయల్ ఉంది, చేరతారా?" అంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. ట్రయల్ అంటే ఒప్పుకుని చేరిన రోగులకి మందు ఇచ్చి, అది ఎలా పనిచేస్తుందో చూసే పరీక్ష.

ఇంకా ఏ మందూ వాడని మనిషికైతే రుజువైన వైద్యం వెంటనే మొదలుపెట్టడమే మేలంటాను. హార్మోన్ ఇంజెక్షన్‌కి అబిరాటెరోన్ మాత్రలు తోడైతే చావు ముప్పు 38 శాతం తగ్గిందని 1,199 మందితో చేసిన లాటిట్యూడ్ ట్రయల్ 2017లోనే చూపించింది. ఏ మందు వైద్య సేవ పథకంలో వస్తుందో ఆరోగ్యమిత్రని అడగండి. దూరం కూడా చిన్న విషయం కాదు. అమలాపురం నుంచి విశాఖ సుమారు 200 కిలోమీటర్లు. గంటకోసారి మూత్రానికి దిగాల్సిన పెద్దాయనకి ఆ బస్సు ప్రయాణం నరకమే.

ఆ మందులకి జబ్బు లొంగకపోతే మాత్రం ట్రయల్ వైపే మొగ్గుతాను. "మనమీద ప్రయోగాలు చేస్తారా?" అని చాలామంది భయపడతారు. లాటిట్యూడ్‌లో ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్ళకి కూడా హార్మోన్ వైద్యం ఆపలేదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావచ్చు.

మనవాళ్ళు చేరాలనడానికి ఇంకో కారణం ఉంది. డోసిటాక్సెల్ అనే కీమో మందు మీద జరిగిన తొమ్మిది పెద్ద ట్రయల్స్‌లోని 8,820 మందిలో 85 శాతం తెల్లవాళ్ళే, నల్లజాతివాళ్ళు 500 మంది. అమెరికాలో 50 మంది నల్లవాళ్ళకి, 50 మంది తెల్లవాళ్ళకి అబిరాటెరోన్ ఇచ్చి చూస్తే పీఎస్ఏ (ఈ జబ్బు ఎలా ఉందో తెలిపే, రక్తంలో కొలిచే ప్రొటీన్) మళ్ళీ పెరగడానికి నల్లవాళ్ళలో సగటున 16.6 నెలలు, తెల్లవాళ్ళలో 11.5 నెలలు పట్టింది. చిన్న అధ్యయనమే, కానీ అడిగి చూస్తేనే కదా తెలిసింది! మన గోదావరి జిల్లాల రైతుల ఒంట్లో ఏ మందు ఎలా పనిచేస్తుందో కూడా మనవాళ్ళు చేరితేనే తెలుస్తుంది.

చేరేముందు కాగితాలు తెలుగులో ఇమ్మనండి. పెద్దాయనకి చదువు రాకపోతే, ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి ఎదుట అంతా చదివి వినిపించాకే ఆయనే వేలిముద్ర వెయ్యాలి. కొడుకు సంతకం చేసేస్తే సరిపోదు. ఒక కాపీ ఇంటికి తెచ్చుకోండి. దారిఖర్చులు ఎవరిస్తారో, దాళ్వా కోతల్లో రావడం కుదరకపోతే తేదీ మారుస్తారో లేదో ముందే అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ రోజు వేలిముద్ర వెయ్యనివ్వకండి.