హాట్ టాస్కింగ్ మేనేజర్: కాలిబాటలు గీయడానికి ఒక గంట ఇవ్వండి

మాది పాడేరు వైపు ఏజెన్సీ. జబ్బు చేసిన మనిషిని డోలీలో వేసుకుని కొండ దిగి రోడ్డు దాకా మోసుకురావడం చిన్నప్పట్నుంచీ చూసినోడిని, కాలిబాట అంటే ఏంటో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. అందుకే ఈ టాస్కింగ్ మేనేజర్ వెబ్‌సైట్ వాడినప్పట్నుంచి దీని గురించి రాయాలనుకుంటున్నా.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అంటే ఎవరైనా గీసి దిద్దగలిగే ఫ్రీ ప్రపంచ మ్యాప్. దాని మీద పనిచేసే హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్ అని ఒకటుంది, పొట్టిగా హాట్ అంటారు. భూకంపమో వరదో వచ్చినప్పుడు మ్యాప్‌లో ఖాళీగా ఉన్న ఏరియాని వీళ్ళు టాస్కింగ్ మేనేజర్‌లో గళ్ళుగా కోసి పెడతారు, మనం ఒక గడి తీసుకుని శాటిలైట్ ఫోటో మీద కనపడే ఇళ్ళు, రోడ్లు, బాటలు గీయాలి అంతే. ఫ్రీ, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అకౌంట్ ఉంటే చాలు. మనం తీసుకున్న గడి మన పేరు మీద లాక్ అయిపోతుంది కాబట్టి ఒకే చోట ఇద్దరు గీసే గొడవ ఉండదు.

2015 ఏప్రిల్ 25 నేపాల్ భూకంపం గుర్తుందిగా, 7.8 తీవ్రత, గోర్ఖా జిల్లా బార్‌పాక్ దగ్గర మొదలైంది, దాదాపు 9 వేల మంది పోయారు. అప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వేల మంది కూర్చుని ఇలాగే గీశారు, అక్కడి మ్యాపింగ్ సంస్థ ఖాట్మండూ లివింగ్ ల్యాబ్స్ వాళ్ళు అంతకుముందు నుంచే మ్యాపింగ్ చేస్తూ ఉండటం చాలా కలిసొచ్చింది. కొండచరియలు పడి రోడ్లు మూసుకుపోయిన ఊళ్ళకి ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్ళు పోర్టర్లని పెట్టి సామాన్లు మోయించారు, పాడైన బాటలు బాగు చేయించారు. అలాంటి చోట మ్యాప్‌లో వంద ఇళ్ళు ఉండి బాట లేకపోతే ఏం లాభం చెప్పండి. చాలామంది ఇళ్ళు గబగబా గీసేసి బాటలు వదిలేస్తారు, ఎందుకంటే ఇల్లు తేలిగ్గా కనపడుతుంది, బాటని వెతకాలి. నాకు మాత్రం బాటే ముందు.

నేను కూడా నేపాల్ కొండల గడులతోనే మొదలెట్టా. మొదటి గడికి రెండు గంటలు పట్టింది, అదీ తప్పులతో. మెట్ల పొలాల గట్టుని బాట అనుకుని గీసేశా. ఇప్పుడు తేడా తెలుస్తుంది, గట్టు కొండకి అడ్డంగా ఒకే ఎత్తులో పోయి పొలం అయిపోగానే ఆగిపోతుంది, ఎండిన వాగు పల్లంలోకి దిగిపోతుంది, బాట మాత్రం ఇళ్ళ మధ్య నుంచి సన్నని తెల్ల దారంలా మొదలై ఏటవాలు దగ్గర మెలికలు తిరుగుతూ పక్క ఊరికో నీళ్ళ దగ్గరికో చేరుతుంది. మనుషులు ఎక్కడికి నడుస్తారో ఆలోచిస్తే సగం పని అయిపోయినట్టే. చెట్ల కిందికి వెళ్ళి మళ్ళీ బయటికి రాకపోతే అక్కడే ఆపేయాలి, ఊహించి గీయకూడదు, ఆ గీతని నమ్ముకుని బరువు మోస్తూ నడిచేవాళ్ళు ఉంటారు.

నాకు బాగా నచ్చింది వాలిడేషన్. మనం గీసింది అనుభవం ఉన్నవాళ్ళు మళ్ళీ చెక్ చేస్తారు. నా గడి వెనక్కి వచ్చింది, బాట రోడ్డుని తాకినట్టు కనపడుతోంది గానీ రెంటికీ కలిపి పాయింట్ లేదు, అలా ఉంటే దారి చూపించే యాప్ దాన్ని దారిగా తీసుకోదు అని ఓపిగ్గా రాశారు. జీపు పట్టేదయితే ట్రాక్, మనిషే నడిచేదయితే పాత్ అని కూడా వాళ్ళ దగ్గరే నేర్చుకున్నా.

పైనుంచి తెలియనివి కూడా చాలా ఉన్నాయి. ఊరి పేరు, వంతెన ఇంకా నిలబడి ఉందా లేదా అన్నది అక్కడివాళ్ళే చెప్పాలి. ఫోటో భూకంపానికి ముందుదయితే ఇప్పుడా బాట కొట్టుకుపోయి ఉండొచ్చు, అందుకే ఫోటో ఎప్పటిదో సూచనల్లో చదివాకే మొదలెట్టండి.

నా రేటింగ్ 5కి 5. కంప్యూటర్, మౌస్ ఉంటే మంచిది, ఫోన్ మాత్రమే ఉన్నవాళ్ళు మ్యాప్‌స్వైప్ అనే యాప్ చూడండి. మొదటిసారి కొత్తవాళ్ళకని పెట్టిన ప్రాజెక్టులో ఒక్క గడి తీసుకోండి, మధ్యలో లేవాల్సొస్తే సేవ్ చేసి లాక్ వదిలేయండి, ఇంకొకరు అక్కడ్నించి అందుకుంటారు.