చెన్నై డాబా మీద ఎండ వంట: పెట్టె మేలా, డిష్ మేలా?

మే నెలలో చెన్నై డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. అంత ఎండ ఊరికే పోతోంది కదా అని సోలార్ కుక్కర్ కొనాలనుకునే మనవాళ్ల కళ్లు ముందు డిష్ మీదే, అంటే గొడుగులా వంగి మెరిసే పెద్ద పళ్లెం మీదే పడతాయి. చెన్నై వరకు నా ఓటు మాత్రం పైన గాజు, వెలుతురును లోపలికి మళ్లించే అద్దం ఉన్న పెట్టె కుక్కర్‌కే.

డిష్ తక్కువదేం కాదు. ఎస్‌కే-14 రకం 1.4 మీటర్ల వెడల్పుంటుంది, కిరణాలన్నిటినీ గిన్నె అడుగుకు చేరుస్తుంది. పోపు చిటపటలాడుతుంది, ప్రెషర్ కుక్కర్ విజిల్ వేస్తుంది. పెట్టెలో వేడి మామూలుగా 100 నుంచి 140 డిగ్రీల మధ్యే. అన్నం, పప్పు, కూరగాయలు ఉడుకుతాయి, పల్లీలు మెల్లగా వేగుతాయి. దోసె, చపాతీల మీద ఆశ వదులుకోవాలి.

అయినా పెట్టే ఎందుకంటే, డిష్‌కి సూటిగా పడే ఎండ కావాలి. అనంతపురం లాంటి పొడి ఊళ్లో దానికి లోటుండదు. చెన్నైలో తేమ ఎక్కువ. ఆకాశం తెల్లగా మసకబారిందంటే వెలుతురు చెదిరిపోతుంది, దాన్ని డిష్ ఒకచోటికి చేర్చలేదు. పెట్టె ఆ చెదిరిన వెలుతురును కూడా కొంత లోపలికి తీసుకుని, వేడిని రెండు గాజు పలకల కింద పట్టి ఉంచుతుంది. పైగా మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే మనకు హాయిగానే ఉంటుంది కానీ, డిష్ మీద బయటికి ఉన్న గిన్నె వేడంతా ఆ గాలికే పోతుంది.

ఇక కాపలా ఒకటి. 15, 20 నిమిషాలకోసారి డిష్‌ను సూర్యుడి వైపు తిప్పాలి. ఉద్యోగాలకు పోయేవాళ్లు, నాలుగో అంతస్తు మెట్లు ఎక్కలేనివాళ్లు ఈ పని చేయగలరా? నల్ల కళ్లద్దాలు లేకుండా దగ్గరికి వెళ్లకూడదు. ఆ మెరుపు ఎదురు ఫ్లాట్ కిటికీలో పడిందంటే సాయంత్రానికి పంచాయితీ తప్పదు.

తిరుమలలో డిష్‌లతోనే కదా వండింది అంటారు. నిజమే, 2002లో అక్కడ 106 డిష్‌లు పెట్టారు, రోజుకు 15,000 మందికి వండగల ఏర్పాటది. కానీ అవి సూర్యుడి వెంట వాటంతటవే తిరిగేలా, పుట్టిన ఆవిరి గొట్టాల్లో వంటశాలకు వెళ్లేలా కట్టినవి. మన డాబా మీద ఆ తిరిగే పని మనదే.

పెట్టెలోకి నల్ల రంగు పూసిన డబ్బాలే వాడాలి. కందిపప్పు నానబెట్టి, నీళ్లు కాస్త తగ్గించి, తొమ్మిదిన్నర, పదింటికి పెట్టేస్తే మధ్యాహ్న భోజనానికి అందుతుంది. అడుగంటదు, కలపక్కర్లేదు, కాకుల టెన్షన్ లేదు. గాజు లోపలివైపు చెమ్మ పట్టిందంటే ఏదో డబ్బా మూత సరిగా పడలేదన్నమాట. వెలుతురు తగ్గి పప్పు పలుకుగానే ఉండిపోతుంది. ఉడికిందా లేదా అని మాటిమాటికీ తెరిచారో, పట్టిన వేడంతా పోతుంది. ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో చెన్నైలో సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్య నెలల్లో ఎండ పైగాజు మీదే నిటారుగా పడుతుంది కాబట్టి అద్దం సర్దే పని కూడా తక్కువే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఏది కొన్నా ఎక్కువ రోజులు మూలనే ఉంటుంది, గ్యాస్ కనెక్షన్ వదులుకోకండి. డిష్ మీద మరీ మోజుంటే, రాయలసీమలో పెరడున్న ఇంట్లో ఉంటున్న అమ్మానాన్నలకు కొనివ్వండి.