స్కైరిమ్‌లో పెళ్లి: 200 గోల్డ్‌కి ఏం గిట్టుతుంది?

స్కైరిమ్ అనే వీడియో గేమ్‌లో జాతకాలు కుదరక్కర్లేదు, కట్నం మాట ఎత్తక్కర్లేదు. 200 గోల్డ్ (ఆటలో చెల్లే డబ్బు) పెట్టి ఒక గొలుసు కొని మెడలో వేసుకుంటే సగం పెళ్లి అయిపోయినట్టే. 2011 నవంబర్‌లో ఆట విడుదలైనప్పటి నుంచి యానివర్సరీ ఎడిషన్ దాకా ఈ పద్ధతి మారలేదు. సరసాలు, అలకలు, సంసారం కోసం చూసేవాళ్లకి ఇందులో దొరికేది తక్కువ. ఆటలో రోజూ పనికొచ్చే సౌకర్యంగా చూస్తే మాత్రం పెట్టిన డబ్బు దండగ కాదు. కాకపోతే ఎవర్ని చేసుకుంటున్నారన్న దాన్ని బట్టి లాభం చాలా మారుతుంది.

పని మొదలయ్యేది రిఫ్టెన్ అనే ఊళ్లో, మ్యాప్‌కి ఆగ్నేయ మూలన. ఉత్తరం గేటు దగ్గర కాపలావాడు ఊళ్లోకి రావాలంటే పన్ను కట్టమంటాడు. ఇది పచ్చి దోపిడీ కదా అని నిలదీసే ఆప్షన్ ఉంది, అది ఎంచుకోండి. లోపల ప్రేమ దేవత మారా గుడి పూజారి మారమల్ గుళ్లో ఉంటాడు, లేదా బీ అండ్ బార్బ్ సత్రంలో జనానికి నీతులు చెబుతూ ఉంటాడు. గుడి గురించి అడిగితే పెళ్లి సంగతి వస్తుంది, అక్కడే అమ్యులెట్ ఆఫ్ మారా అనే ఆ గొలుసు అమ్ముతాడు. అది తాళి లాంటిది కాదు, 'సంబంధాలు చూస్తున్నాం' అని మెడలో తగిలించుకునే బోర్డు. రెస్టోరేషన్ (వైద్యం చేసే) మంత్రాల ఖర్చు 10 శాతం తగ్గించడం దానికున్న మరో గుణం.

గొలుసు వేసుకుని ఎవరితో మాట్లాడినా పెళ్లి మాట రాదు. ముందు వాళ్లకి ఏదో ఒక పని చేసిపెట్టాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఆట పాడైందనుకుంటారు. వైట్‌రన్‌లో యిసోల్డాకి మామత్ దంతం ఒకటి తెచ్చిస్తే చాలు, మొదటి పది లెవల్స్‌లోపే అయ్యే సంబంధం ఇది. రివర్‌వుడ్‌లో కమిల్లాకైతే గోల్డెన్ క్లా క్వెస్ట్ పూర్తి చెయ్యాలి. జెనస్సా, మార్క్యూరియో లాంటి కిరాయి యోధులకి 500 గోల్డ్ ఇచ్చి కుదుర్చుకోవడమే అర్హత. ఆడా మగా తేడా లేదు, మీ పాత్ర ఎవరైనా ఎవర్నైనా చేసుకోవచ్చు. జాతి పట్టింపు కూడా లేదు గానీ పిల్లి రూపంలో ఉండే ఖజీట్‌లలో ఒక్క సంబంధమూ పెట్టలేదు. డాన్‌గార్డ్ అనే అదనపు భాగంలో వచ్చే సెరానా కోసం ఆశపడేవాళ్లు ఎక్కువ, ఆమె గొలుసు చూసి కుదరదని చెప్పేస్తుంది.

ఒప్పుకున్నాక మళ్లీ మారమల్ దగ్గరికి వెళ్లి ముహూర్తం పెట్టించాలి. అది ఎప్పుడూ మర్నాడే, సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ మధ్య. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటలకి గుళ్లోకి వెళ్తే ఇబ్బంది ఉండదు. ఆ రోజు తప్పిస్తే అవతలివాళ్లు అలుగుతారు. బతిమాలి, పూజారితో కొత్త ముహూర్తం పెట్టించుకోవచ్చు. మీ వెంట తిరిగే ఫాలోవర్‌ (తోడు యోధుడు) ఉంటే ముందురోజే పంపించేయండి, గుళ్లో గందరగోళం తగ్గుతుంది. తంతు మొత్తం రెండు నిమిషాలు. చేతికి ఒక ఉంగరం వస్తుంది.

తంతు అవ్వగానే గుమ్మం దాటకుండా వాళ్లతో మాట్లాడి కాపురం ఎక్కడో తేల్చుకోండి. మాట్లాడకుండా బయటికొస్తే వాళ్లు ఎటు వెళ్లారో తెలీక వెతుక్కోవాల్సి వస్తుంది. సొంతిల్లు లేకపోతే వాళ్లింటికి ఇల్లరికం వెళ్లొచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. తర్వాత ఇల్లు మారాలన్నా చెబితే చాలు. కాకపోతే వాళ్లు నిజంగానే నడుచుకుంటూ వస్తారు కాబట్టి ఒక రోజు వెయిట్ చేసి చూడండి.

ఇక లాభాల లెక్క. రోజుకొకసారి వంట అడగొచ్చు. ఆ భోజనం తింటే హెల్త్, మ్యాజికా, స్టామినా మూడూ 25 శాతం వేగంగా నిండుతాయి, 600 సెకన్ల పాటు. పెద్ద పోరాటానికి ముందు తినాల్సిన సరుకు, దాచుకుంటే పాడవదు. ఇంట్లో కొట్టు కూడా తెరుస్తారు, నిన్నటిదాకా కత్తి తిప్పిన మనిషైనా సరే. మీ వాటాగా రోజుకి 100 గోల్డ్ పోగవుతుంది, ఎప్పుడు అడిగితే అప్పుడు మొత్తం ఇస్తారు. అంటే వైట్‌రన్‌లో 5000 పెట్టి కొన్న బ్రీజ్‌హోమ్ అనే ఇంటి ఖర్చు యాభై రోజుల్లో తిరిగొస్తుంది. ఆ డబ్బు కన్నా ఇంట్లోనే 750 గోల్డ్ ఉన్న వ్యాపారి దొరకడం పెద్ద లాభం. శిథిలాలు, గుహలు దోచుకొచ్చిన సామాను అర్ధరాత్రి పూట కూడా అమ్ముకోవచ్చు.

అందరూ గొప్పగా చెప్పేది లవర్స్ కంఫర్ట్ అనే నిద్ర లాభం. జీవిత భాగస్వామి ఉన్న ఇంట్లో నిద్రపోతే ఎనిమిది గంటల పాటు నైపుణ్యాలు 15 శాతం వేగంగా పెరుగుతాయి. వినడానికి బాగుంటుంది గానీ సత్రంలో మంచం అద్దెకి తీసుకుని ఒంటరిగా పడుకున్నా 10 శాతం వస్తుంది. కాబట్టి పెళ్లి వల్ల నిజంగా కలిసొచ్చేది 5 శాతమే. పైగా ఆ ఎనిమిది గంటలూ ఆట గడియారంలోవి. ఆట కాలం ఇరవై రెట్లు వేగంగా నడుస్తుంది కాబట్టి మన గడియారంలో అది 24 నిమిషాలు. నిద్ర లేచి రిఫ్టెన్ నుంచి సాలిట్యూడ్‌కి ఫాస్ట్ ట్రావెల్ (మ్యాప్‌లో ఊరు ఎంచుకుని ఒక్కసారిగా చేరడం) చేస్తే దారిలోనే హరించుకుపోతుంది. లేచిన చోటే కమ్మరి పని, పానీయాల తయారీ చేసుకునేవాళ్లకే ఇది గిట్టుబాటు. ఆటలో వరమిచ్చే రాళ్లలో ఒకటైన లవర్ స్టోన్ ఆశీర్వాదం తీసుకుని ఉంటే ఈ లాభం అసలు రాదు. వారియర్, మేజ్, థీఫ్ రాళ్లైతే గొడవ లేదు, వాటి 20 శాతం దీనికి తోడవుతుంది.

ఇంకో మెలిక ఉంది. తోడేలు రక్తం (తోడేలుగా మారే శాపం) ఒంట్లో ఉన్నంతకాలం నిద్ర లాభాలేవీ రావు. ఎక్కువమంది మనసు పారేసుకునే ఏలా, ఫర్కాస్, విల్కాస్ ముగ్గురూ కంపానియన్స్ అనే యోధుల బృందం కథ మొత్తం పూర్తయ్యాకే పెళ్లికి ఒప్పుకుంటారు. ఆ కథలో మీరు తోడేలుగా మారక తప్పదు. అంటే ఏలాని చేసుకుని ఇంటికి తెచ్చుకున్నా లవర్స్ కంఫర్ట్ రాదు, ముందు శాపం వదిలించుకోవాలి. అందుకు గ్లెన్‌మోరిల్ మంత్రగత్తె తల ఒకటి కావాలి. కంపానియన్స్ నాయకుడు కోడ్లాక్ కోసం ఆ మంత్రగత్తెల గుహకి వెళ్లినప్పుడు ఒక్క తలతో తిరిగొచ్చి తర్వాత విచారించే బదులు, అయిదు తలలూ అప్పుడే కోసి సంచిలో వేసుకోండి. ఏలా విషయంలో ఒక ఊరట: ఆమె విలువిద్యని 75 దాకా నేర్పుతుంది. ఫీజు కట్టి, ఆమెని వెంట పెట్టుకుని, ట్రేడ్ తెరిచి ఆ డబ్బు వెనక్కి తీసేసుకోవచ్చు. లెవల్‌కి అయిదు పాఠాలే ఉంటాయి.

ఎక్కువమందికి సిఫార్సు చెయ్యదగ్గ సంబంధం రిఫ్టెన్‌లోని మ్జోల్. మ్జింఖాలెఫ్ట్ శిథిలాల్లో పోయిన ఆమె కత్తి తెచ్చిస్తే చాలు. ఆమె చావదు, ఈ ఆటలో అది చిన్న సంగతి కాదు. లోపమల్లా ఆమె స్నేహితుడు ఏరిన్. పెళ్లికి తోడొచ్చిన తోడుపెళ్లికొడుకు తిరిగి వెళ్లకుండా ఇంట్లోనే ఉండిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటాడు. కొత్త కాపురంలో మూడో మనిషిని భరించలేకపోతే వైట్‌రన్‌లో మీకు అంగరక్షకురాలిగా వచ్చే లిడియా చాలు. మార్కార్త్‌లో మ్యూరీ కావాలనుకునేవాళ్లు డార్క్ బ్రదర్‌హుడ్ (కిరాయి హంతకుల ముఠా) పనిలో ఆమె అడిగిన రెండో హత్య కూడా చెయ్యాలి, నిల్సీన్‌ని వదిలేస్తే పెళ్లి లేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మాటని 2012లో వచ్చిన హార్త్‌ఫైర్ అనే అదనపు భాగం అచ్చంగా ఆటలో పెట్టింది. ఇల్లు కట్టుకునే ఒక్కో స్థలం 5000 గోల్డ్, ఇద్దరు పిల్లల దాకా దత్తత తీసుకోవచ్చు, వాళ్లకి మంచం, పెట్టె ఉండాలి. బ్రీజ్‌హోమ్‌లో పిల్లల గది కావాలంటే ఆల్కెమీ బల్ల పోతుంది, ఆ సంగతి కొనేటప్పుడు చాలామంది గమనించరు. పిల్లలున్న ఇంట్లో పడుకుంటే వైద్యం 25 శాతం ఎక్కువ పనిచేస్తుంది. కోట గోడల్లేని ఆ కొత్త ఇళ్ల మీద బందిపోట్లు పడతారు, వాటిలో ఒకటైన హెల్యార్కెన్ వైపైతే రాక్షసులు కూడా వస్తారు. భార్యో భర్తో మామూలు మనిషైతే పట్నంలోని ఇంట్లోనే ఉంచడం మేలు.

ఎందుకంటే ఇక్కడ విడాకులు లేవు, పోయిన మనిషి స్థానంలో రెండో పెళ్లీ లేదు. పీసీలో కన్సోల్ ఆదేశాలతో మార్చుకోవచ్చు గానీ మిగతావాళ్లకి ఆ దారి ఉండదు. వెంట తిప్పుకునే యోధులు శత్రువు దెబ్బకి మోకాళ్ల మీద పడి మళ్లీ లేస్తారు. వాళ్ల ప్రాణం తీసేది ఎక్కువగా మన చేతులే, చుట్టూ పేలే అగ్ని మంత్రం ఒక్కటి చాలు. పెళ్లి రోజు పొద్దున గుడి తలుపు బయట ఒక సేవ్ వేరే స్లాట్‌లో పెట్టుకుని లోపలికి వెళ్లండి.