ప్రీయాంప్ లేకుండా కొన్నేళ్లు, ప్రీయాంప్‌తో కొన్నేళ్లు

మా హాల్లో ఉన్నవి స్పీకర్లను నడిపే 100 వాట్ల పవర్ యాంప్, ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, డిజిటల్ పాటని ఎనలాగ్ సిగ్నల్‌గా మార్చే ఒక డ్యాక్. ప్రీయాంప్ అంటే పవర్ యాంప్‌కి ముందు కూర్చుని వాల్యూమ్, ఏ పరికరం వినాలన్నది చూసుకునే పెట్టె. మొదట్లో చాలాకాలం డ్యాక్‌ని నేరుగా పవర్ యాంప్‌కే కలిపి విన్నాను. తర్వాత సిగ్నల్‌ని తగ్గించడమే తప్ప పెంచలేని పాసివ్ ప్రీయాంప్ వచ్చింది, ఇప్పుడు పెంచగలిగే యాక్టివ్ ప్రీయాంప్ ఉంది. మూడింటితోనూ తీరిగ్గా విన్నాక నా మాట ఇదీ: పాటలన్నీ ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో వచ్చేవైతే ప్రీయాంప్ అక్కర్లేదు. రికార్డ్ ప్లేయర్ ఇంట్లోకొస్తే లెక్క మారుతుంది.

8 ఓమ్‌ల స్పీకర్‌కి 100 వాట్లు అందాలంటే యాంప్ సుమారు 28 ఓల్టులు ఇవ్వాలి. నా యాంప్ గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే మోతాదు, 26 డెసిబెల్స్, అంటే 20 రెట్లు. లోపలికి 1.4 ఓల్టులు వెళ్తే చాలు, ఫుల్ పవర్ వచ్చేస్తుంది. సీడీ ప్లేయర్లు, డ్యాక్‌లు మామూలుగా 2 ఓల్టులు ఇస్తాయి. అదే ఎక్కువ. పైగా ఇంట్లో మాటలు వినిపించేలా పాట పెట్టుకుంటే ఒక వాట్ కూడా ఖర్చవదు. ఇంక ప్రీయాంప్ ఇచ్చే గెయిన్‌తో పనేముంది?

డ్యాక్‌లో వాల్యూమ్ తగ్గిస్తే బిట్లు పోతాయని చాలామంది భయపెడతారు. 16 బిట్ల పాట 24 బిట్ల దారిలో వెళ్తున్నప్పుడు 8 బిట్లు ఖాళీగానే ఉంటాయి, అంటే 48 డెసిబెల్స్ వరకూ తగ్గించుకోవచ్చు. రాత్రిపూట బాగా తగ్గించి విన్నా వీణ మీటు చివరిదాకా సాగి ఆరిపోవడం నాకు స్పష్టంగానే వినిపించింది.

ప్రీయాంప్ పెడితే బాస్ నిండుగా వస్తుందంటారు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ కాస్త గట్టిగా మోగిందే చెవికి బాగుంటుంది. 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో రెండు పద్ధతుల్లోనూ ఓల్టేజి సమానం చేశాక ఆ తేడా మాయమైంది. షాపులో డెమో వినేటప్పుడు ఈ ఒక్కటీ గట్టిగా అడగండి.

నేరుగా కలపడంలో అసలు ప్రమాదం వేరే ఉంది. కరెంటు పోయి వస్తే కొన్ని డ్యాక్‌లు వాల్యూమ్ మర్చిపోయి ఫుల్‌లో లేస్తాయి, నా పాతది అలాంటిదే. స్పీకర్ల ట్వీటర్లు కాలిపోవడానికి అది చాలు. మధ్యలో సిగ్నల్‌ని తగ్గించే 10 డెసిబెల్స్ అటెన్యుయేటర్ పెట్టేశాను, పవర్ యాంప్‌ని అన్నిటికన్నా చివర ఆన్ చేసి ముందుగా ఆఫ్ చేసేవాణ్ణి. ఇవి రెండూ తప్పనిసరి.

పాసివ్ పెట్టె బాగానే పనిచేసింది, కేబుల్ మీటరు లోపు కాబట్టి. అందులో ఉన్నది 10 కిలో ఓమ్‌ల పాట్, అంటే వాల్యూమ్ నాబ్ వెనకుండే భాగం. అదే 50 కిలో ఓమ్‌లదై, కేబుల్ 5 మీటర్లు లాగితే పైస్వరాలు మందగిస్తాయి.

రికార్డ్ ప్లేయర్ కొన్నాకే యాక్టివ్‌కి మారాను. రికార్డు మీద నడిచే సూదిని పట్టుకుని ఉండే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది సుమారు 5 మిల్లీఓల్టులు. రికార్డు కోసేటప్పుడే బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి ఉంటారు. దాన్ని ఆర్‌ఐఏఏ అనే ప్రమాణం ప్రకారం సరిచేసి, 40 డెసిబెల్స్ పెంచే ఫోనో ప్రీయాంప్ లేకుండా ఎల్పీ వినడం కుదరదు. అంత పెంచినా చేతికొచ్చేది అర ఓల్టే. తక్కువ శబ్దంతో రికార్డు చేసిన పాత కచేరీల్లో ఆలాపన వినాలంటే అది సరిపోవడం లేదు. ఫోనో తర్వాత వచ్చే మామూలు ప్రీయాంప్, అంటే లైన్ ప్రీయాంప్, గెయిన్ నాకు నిజంగా అక్కరకొచ్చింది ఇక్కడే. టీవీ, ఎల్పీ, డ్యాక్ మూడూ ఒకే రిమోట్‌తో మారడం ఇంట్లోవాళ్లకి ఇంకా నచ్చింది.

ఇంటిగ్రేటెడ్ యాంప్ ఉన్నవాళ్లు విడిగా లైన్ ప్రీయాంప్ వెతకొద్దు, అది పెట్టెలోనే ఉంటుంది. వెనక ఫోనో ఇన్‌పుట్ ఉందో లేదో మాత్రం చూసుకోండి. లేకపోతే చిన్న ఫోనో స్టేజ్ కొని ఆక్స్ అనే మామూలు ఇన్‌పుట్‌కి కలిపితే సరిపోతుంది.