పిట్ బుల్ అవునో కాదో చెప్పే డీఎన్ఏ కిట్: ఒక సమీక్ష

తల వెడల్పుగా, ఛాతీ దిట్టంగా, వెంట్రుకలు పొట్టిగా ఉన్న కుక్క కనిపిస్తే చాలు, చాలామంది దానిని పిట్ బుల్ అని తీర్మానించి పక్కకు తప్పుకుంటారు. మేము దత్తత తీసుకున్న కుక్కకు కూడా అదే ముద్ర పడినందువల్ల, ఇంటివద్దనే నమూనా తీసి ప్రయోగశాలకు పంపే జాతి నిర్ధారణ కిట్ ఒకటి తెప్పించాను.

వాడకం సులభమే. దూదిపుల్లతో బుగ్గ లోపలి వైపు రుద్ది, దానిని గొట్టంలో పెట్టి పంపాలి. ఆ తరువాత కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

నివేదికలో నాకు బాగా నచ్చినది, 'పిట్ బుల్' అని ఒకే పేరు కింద అన్నింటినీ కలిపేయకుండా అమెరికన్ పిట్ బుల్ టెర్రియర్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్, స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్ జాతులను విడివిడిగా చూపడం. జనం ఒక్క జాతి అనుకునేది నిజానికి ఈ దగ్గరి జాతులన్నింటికీ కలిపి వాడే పేరు. మా కుక్కలో వీటన్నింటి వాటా కలిపినా పావు వంతుకు తక్కువే ఉంది. మిగిలినదానిలో బాక్సర్, లాబ్రడార్ ఎక్కువ. ఇది వింతేమీ కాదు. ఫ్లోరిడాలో ఆశ్రయ కేంద్రాల సిబ్బంది 120 కుక్కలను చూసి చెప్పిన జాతిని డీఎన్ఏతో పోల్చినప్పుడు, పిట్ బుల్ వంశం లేని ప్రతి మూడు కుక్కలలో ఒకదానిని కనీసం ఒక్క ఉద్యోగి అయినా పిట్ బుల్‌గా పేర్కొన్నట్లు తేలింది.

అయితే 'స్వభావం' అనే పుట ఈ మంచిపనినంతా చెడగొట్టింది. జాతి పేరు పక్కన 'మొండిది, ఇతర కుక్కలతో పొసగదు' అని రాయడం, పుట్టిన నక్షత్రాన్ని బట్టి మనిషి గుణం చెప్పినట్లే ఉంది. 18,000కు పైగా కుక్కలపై జరిపి 2022లో ప్రచురించిన పరిశోధనలో, ఒక్కొక్క కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాలలో జాతి వివరించగలిగినది సుమారు 9 శాతం మాత్రమే. పిట్ బుల్ కుక్కల దవడలు కరిచాక తాళం పడతాయన్న ప్రచారానికి శరీర నిర్మాణంలో ఆధారమేదీ లేదని ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ పుటకు అర్థముండేది. ఇవి ఒకప్పుడు పసిపిల్లల సంరక్షణకే పెంచిన కుక్కలని అభిమానులు చెప్పే కథ కూడా అంతే నిరాధారమైనది; వీటి పూర్వికులను ఎద్దులపైకి ఉసిగొల్పారు, కుక్కల పోరాటాలలోనూ దింపారు. బలమైన కుక్క కరిస్తే గాయం పెద్దదవుతుంది కనుక, ఏ జాతిదైనా శిక్షణ, బయట పట్టీ తప్పనిసరి.

కుతూహలం తీర్చుకోవడానికి ఈ కిట్ కొనవచ్చును. చట్టపరమైన రుజువుగా పనికొస్తుందని మాత్రం అనుకోవద్దు: బ్రిటన్‌లో 1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టం కింద ఒక కుక్క నిషిద్ధ రకానికి చెందినదా అని తేల్చేటప్పుడు చూసేది దాని రూపాన్ని, శరీర కొలతలనే గాని డీఎన్ఏను కాదు.