“ఇరవై ఏళ్ళ లైన్” అంటూ పర్షియన్ పిల్లి కూనల్ని అమ్ముతున్నారు, కొనేముందు జాగ్రత్త

పిల్లిని కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. హైదరాబాద్‌లో కొందరు అమ్మకందారులు పర్షియన్ కూనలకు “లాంగ్ లైఫ్ బ్రీడ్”, “ఇరవై ఏళ్ళ బ్లడ్ లైన్” (అంటే ఇరవై ఏళ్ళు బతికే వంశం) అని పేరు పెట్టి మామూలు రేటు కన్నా ఎక్కువకు అమ్ముతున్నారు. ఆ మాట ఎవరైనా అంటే కూన తల్లిదండ్రుల కిడ్నీ రిపోర్టులు చూపించమనండి. చూపించకపోతే ఒక్క రూపాయి అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. అలా కొన్న మా మల్లికి మొన్ననే మూడేళ్ళు నిండాయి. దాని రెండు కిడ్నీల్లోనూ సిస్టులు, అంటే నీటి తిత్తులు, ఉన్నాయని స్కాన్‌లో తేలింది. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు, తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చింది.

అమ్మ రిటైరయ్యాక ఇంట్లో తోడుకి పిల్లి కావాలంది. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, ఎక్కువ కాలం బతికే జాతి అయి ఉండాలి. పెంచి, అలవాటు పడి, మధ్యలో పోగొట్టుకోవడం ఈ వయసులో తన వల్ల కాదంది. అదే మాట అమ్మేవాడితో చెప్పాను. వెంటనే, “అక్కా, మీకు కరెక్ట్ పీస్ నా దగ్గరుంది. డాల్ ఫేస్, ట్రిపుల్ కోట్, ఇరవై ఏళ్ళ లైన్. దీని అమ్మమ్మకి ఇప్పుడు ఇరవై రెండేళ్ళు, ఇంకా గంతులేస్తుంది” అన్నాడు. లైన్ పేరు చెప్పి మామూలు డాల్ ఫేస్ రేటు మీద బాగానే ఎక్కువ తీసుకున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు బతికిన పిల్లి కథ అంటూ వాట్సాప్‌లో ఒక ఫోటో కూడా పంపాడు.

ఆ ఫోటో కథ నిజమే, కానీ అందులోని పిల్లికీ అతను అమ్ముతున్న కూనకీ ఏ సంబంధమూ లేదు. దాని పేరు క్రీమ్ పఫ్, అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో ఉండేది. 1967 ఆగస్టు 3న పుట్టి, 2005 ఆగస్టు 6న చనిపోయింది. 38 ఏళ్ళ 3 రోజులు బతికి గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. అది పర్షియన్ కాదు, చారల ఒంటితో ఉండే కలగలుపు జాతి పిల్లి, మన వీధుల్లో కనిపించే రకం. 2022లో బతికున్న పిల్లుల్లోకెల్లా వయసులో పెద్దదని గిన్నిస్ గుర్తించిన బ్రిటన్ పిల్లి ఫ్లాసీ కూడా అలాంటి మామూలు పిల్లే. అరుదుగా ఒకటి అన్నేళ్ళు బతికిందని చూపించి, వేరే జాతి కూనకు ఆ ఆయుష్షు అంటగట్టడమే వీళ్ళ వ్యాపారం.

జాతుల వారీగా అసలు లెక్కలు ఎలా ఉన్నాయో చూడండి. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్ళు బ్రిటన్ క్లినిక్‌ల రికార్డులతో చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. పుట్టినప్పటి నుంచి లెక్కేస్తే సగటు ఆయుష్షు బర్మీస్‌కు 14.42 ఏళ్ళు, బర్మాన్‌కు 14.39. సంకర జాతి మామూలు పిల్లులకు 11.89, సయామీస్‌కు 11.69. పర్షియన్‌కు 10.93. మెయిన్ కూన్‌కు 9.71, బెంగాల్‌కు 8.51, ఒంటి మీద బొచ్చు లేని స్ఫింక్స్‌కు అన్నిటికన్నా తక్కువగా 6.68. ఇవి బ్రిటన్ పిల్లుల సగటులు. చిన్నప్పుడే పోయినవి, బండ్ల కింద పడినవి కూడా కలిసిన లెక్క కాబట్టి, ఇంట్లోనే పెరిగే మంచి ఆరోగ్యం ఉన్న పర్షియన్ పదిహేనేళ్ళు దాటొచ్చు, దాటినవీ ఉన్నాయి. కానీ “జాతే ఇరవై ఏళ్ళది” అన్న మాట మాత్రం ఎటు చూసినా నిలబడదు. మన సందులో తిరిగే పిల్లి రకానికే పర్షియన్ కన్నా సగటు ఎక్కువ వచ్చింది. ఈ ముక్క ఏ అమ్మేవాడూ చెప్పడు, ఎందుకంటే వీధి పిల్లి కూనను ఎవరూ వేలకు వేలు పోసి కొనరు.

మల్లికి వచ్చిన జబ్బును డాక్టర్లు పి.కె.డి. అంటారు, పూర్తి పేరు పాలిసిస్టిక్ కిడ్నీ డిసీజ్. కూన పుట్టేటప్పటికే కిడ్నీల్లో చిన్న చిన్న తిత్తులుంటాయి. వయసుతో పాటు అవి పెరిగి మంచి కిడ్నీ భాగాన్ని నొక్కేస్తాయి. పైకి చాలాకాలం ఏమీ తెలియదు. ఎక్కువ పిల్లుల్లో ఏడేళ్ళ ప్రాంతంలో లక్షణాలు బయటపడతాయి, కొన్నిట్లో ఇంకా ముందే. మాకు అనుమానం తెప్పించింది నీళ్ళ గిన్నె. మల్లి మాటిమాటికీ నీళ్ళు తాగేది, లిట్టర్ బాక్సులో, అంటే అది మూత్రం పోసే ఇసుక పెట్టెలో, మూత్రంతో కట్టే గడ్డలు పెద్దవయ్యాయి, వెన్ను మీద చెయ్యి వేస్తే ఎముకలు తగిలేవి. అమ్మ ఎండాకాలం ప్రభావమేమో అనుకుంది. డాక్టర్ పొట్ట నొక్కి చూసి, కిడ్నీలు పెద్దవిగా, గరుకుగా తగులుతున్నాయని రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ రాశారు. రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, ఎక్కువ వచ్చింది. స్కాన్ తెర మీద నల్లటి గుండ్రటి మచ్చలు, రెండు వైపులా. దీనికి నయం చేసే మందు లేదని, కిడ్నీ ఆహారంతో, తడి ఆహారంతో, అవసరమైనప్పుడు చర్మం కింద సెలైన్‌తో నెట్టుకురావచ్చని చెప్పారు. అమ్మ ఆ రోజు డాక్టర్‌ని అడిగిన ప్రశ్న, “దానికి నొప్పిగా ఉంటుందా?” అని.

కొనేవాళ్ళు గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఇక్కడుంది. ఈ జబ్బుకు కారణం పి.కె.డి.1 అనే ఒకే ఒక్క జన్యువులోని మార్పు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, పుట్టే ప్రతి కూనకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఇద్దరిలోనూ ఆ మార్పు లేకపోతే కూనకు ఈ జబ్బు రాదు. ఆ మార్పును కనిపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది, చెంప లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనాతోనే జన్యు పరీక్ష చేస్తారు. అది కాకపోతే పది నెలలు దాటిన పిల్లికి మంచి అల్ట్రాసౌండ్ చేసినా దాదాపుగా తేలిపోతుంది. ఒకప్పటి సర్వేల్లో పర్షియన్లలో మూడో వంతుకు పైగా ఈ జబ్బు కనిపించింది. పరీక్ష చేసి, ఉన్నవాటిని ఈనించడం మానేసిన దేశాల్లో అది బాగా తగ్గింది. అంటే ఈనించే ముందు ఒక్కసారి పరీక్ష చేయిస్తే ఆగిపోయే జబ్బును, చేయించకుండా, పైగా “లాంగ్ లైఫ్” అని పేరు పెట్టి అమ్ముతున్నారు. నా కోపమంతా దీని మీదే.

స్కాన్ రిపోర్టు పంపి, తల్లికీ తండ్రికీ స్కాన్ చేయించమని, అప్పటిదాకా మళ్ళీ క్రాసింగ్ చేయించొద్దని అమ్మినవాడిని అడిగాను. డబ్బు సంగతి అప్పటికి ఎత్తనే లేదు. “జెనెటిక్ అంటే నేనేం చేస్తానక్కా, మీ ఫుడ్డు వల్ల అయ్యుంటుంది. కావాలంటే ఇంకో కూన హాఫ్ రేటుకి ఇస్తా, అదే తల్లిది” అన్నాడు. తిండి వల్ల పి.కె.డి. రాదు, ఈ మాట ఎవరన్నా నమ్మకండి. తర్వాత నన్ను బ్లాక్ చేశాడు. అతని పేజీలో పాత ఫోటోల కింద రాసిన కొనుగోలుదారులకు నేనే మెసేజ్ పెట్టాను. మల్లితో ఒకే కాన్పులో పుట్టిన కూన యజమాని ఒకరు దొరికారు. వాళ్ళ పిల్లి చూడ్డానికి బాగానే ఉంది, అయినా స్కాన్ చేయిస్తే దానికీ సిస్టులున్నాయి. ఆ తల్లి పిల్లి ఫోటోతోనే కొత్త కాన్పు ప్రకటన ఇంకా నడుస్తోంది.

కాబట్టి కొనేటప్పుడు “ఆరోగ్యంగా ఉందా?” అని అడక్కండి, ఉందనే అంటారు. “తల్లికీ తండ్రికీ పి.కె.డి. రిపోర్టుందా, ఏ క్లినిక్‌లో చేయించారు, ఏ తేదీన?” అని అడగండి. రిపోర్టు మీద పిల్లి పేరు, వయసు, డాక్టర్ సంతకం ఉండాలి. మైక్రోచిప్ ఉంటే ఆ పదిహేను అంకెల నంబరు కూడా రిపోర్టు మీద ఉండాలి. హిమాలయన్, ఎగ్జాటిక్ షార్ట్‌హెయిర్, బ్రిటిష్ షార్ట్‌హెయిర్ కొనేవాళ్ళూ ఇదే అడగాలి, వాటిల్లో పర్షియన్ రక్తం ఉంది. తల్లిని కళ్ళారా చూపించమనండి, వీడియో కాల్‌లో కాదు, ఇంటికెళ్ళి.

మాకిచ్చిన “పెడిగ్రీ సర్టిఫికెట్” మీద కె.సి.ఐ. ముద్ర ఉంది. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కుక్కల సంస్థ, పిల్లి వంశావళితో దానికి పనిలేదు. పిల్లుల వంశావళి నమోదు చేయడానికి సి.ఎఫ్.ఎ., టికా, డబ్ల్యు.సి.ఎఫ్. లాంటి అంతర్జాతీయ సంస్థలున్నాయి. ఆ కాగితాలు చూపిస్తే నంబరు తీసుకుని ఆ సంస్థకే రాసి సరిచూసుకోండి. అయినా పెడిగ్రీ కాగితం జాతిని చెబుతుంది గానీ కిడ్నీల గురించి ఏమీ చెప్పదు.

మొహం విషయంలో కూడా మోజు పడకండి. పంచ్ ఫేస్ అంటూ ఎంత అణిగిన ముక్కుంటే అంత రేటు పెంచుతున్నారు. ఆ ముక్కుతో ఊపిరాడక ఇబ్బంది, ఎప్పుడూ కారే కళ్ళు, పళ్ళ సమస్యలు వెంట వస్తాయి. మన ఎండల్లో అది మరీ కష్టం. మడిచిన చెవుల స్కాటిష్ ఫోల్డ్ అయితే అసలే వద్దు. చెవిని మడిచిన ఆ జన్యువే ఒంట్లోని ఎముకల కీళ్ళనూ పాడుచేస్తుంది, చిన్న వయసులోనే నడవడానికి బాధపడే పిల్లులున్నాయి. దాన్నీ లాంగ్ లైఫ్ అనే అమ్ముతున్నారు.

కూన వయసు కూడా చూసుకోండి. మూడు నెలలని చెప్పి ఐదారు వారాలవి చేతిలో పెడుతుంటారు. ఎనిమిది వారాలు నిండని కూనను పెట్ షాపు అమ్మకూడదని 2018 పెట్ షాప్ నిబంధనలు చెబుతున్నాయి. అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టరై ఉండాలి, ఆన్‌లైన్ అమ్మకాలకూ ఆ నిబంధనలు వర్తిస్తాయి. రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే చాలామంది ఫోన్ పెట్టేస్తారు, అదీ మీకు సమాధానమే. టీకా కార్డులో తేదీ ఒక్కటే రాసి ఉంటే లెక్కలోకి తీసుకోకండి. వ్యాక్సిన్ సీసా మీది స్టిక్కర్, డాక్టర్ ముద్ర ఉండాలి.

బిల్లు తప్పకుండా తీసుకోండి. వాళ్ళిచ్చే మాట, అంటే “ఇరవై ఏళ్ళ లైన్” అన్న ముక్క, మెసేజ్‌లో రాయించుకోండి. మా దగ్గర ఆ మెసేజ్‌లూ, యు.పి.ఐ. చెల్లింపు రికార్డూ ఉన్నాయి. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్ళు దారి చెబుతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అమ్మినవాడి ఊరికి వెళ్ళక్కర్లేదు. ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, రెండేళ్ళ గడువుంది. మేం జబ్బు తెలిసిన తేదీని ఆధారంగా పెట్టి ఫిర్యాదు తయారు చేయించుకుంటున్నాం. ఒకే కాన్పు కూన ఉన్నవాళ్ళూ మాతో కలుస్తున్నారు.

ఇప్పటికే ఇంట్లో పర్షియన్ ఉన్నవాళ్ళు భయపడి దాన్ని ఎవరికో ఇచ్చేయకండి, దయచేసి. సిస్టులున్నా ఏళ్ళ తరబడి బాగా బతికే పిల్లులున్నాయి, ముందే తెలిస్తే చెయ్యగలిగింది చాలా ఉంది. ఏడాది దాటితే ఒకసారి కిడ్నీల స్కాన్ చేయించండి. ప్రైవేటు క్లినిక్ ఖర్చు భారమనుకుంటే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో వాకబు చేయండి. స్కాన్‌లో ఏమీ లేకపోయినా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి, ఇంట్లోనే ఉంచండి, పొడి గింజల మీదే వదిలేయకుండా తడి ఆహారం కూడా పెట్టండి. జ్వరం వచ్చిందని పారాసెటమాల్ మాత్రం వేయకండి, అది పిల్లికి విషం, కొంచెం ముక్క కూడా చంపేస్తుంది. కిడ్నీ సమస్య ఉన్న పిల్లికి ఏ నొప్పి మందైనా డాక్టర్ని అడగకుండా ఇవ్వొద్దు.

మీ దగ్గరున్న పర్షియన్‌ని కూడా ఇలాగే “ఇరవై ఏళ్ళ లైన్”, “అమ్మమ్మకి ఇరవై రెండేళ్ళు” అన్న మాటలతో ఈ మూడు నాలుగేళ్ళలో హైదరాబాద్‌లో కొని ఉంటే, లక్షణాలు లేకపోయినా ఈ వారమే స్కాన్‌కి తీసుకెళ్ళండి. రిపోర్టు వచ్చేదాకా దాన్ని క్రాసింగ్‌కి ఇవ్వకండి. కొన్నప్పటి మెసేజ్‌లు డిలీట్ చేయకుండా దాచుకోండి, ఫిర్యాదులో పనికొస్తాయి.